పలక కంటే మెత్తగా

గల్ఫ్ అరబ్బీలో పడవలు కట్టేవాణ్ని 'గల్లాఫ్' అంటారు. ఆ పేరు కలప కోతను బట్టి వచ్చింది కాదు, పలకల సందులు మూసే పనిని బట్టి వచ్చింది. ఖతర్ తీరానికి అది తగిన పేరే. ఓడకు పనికొచ్చే మాను ఆ ఎడారిలో పెరగదు. 18వ శతాబ్దంలో ముత్యాల వర్తకంతో వెలిగి 1811లో ధ్వంసమైన జుబారా రేవు చుట్టూ కూడా ఉన్నది ఇసుకా ఉప్పునేలే. టేకు మలబారు నుంచి సముద్రం దాటి రావాలి. అంత ఖరీదైన పలకను చెడగొట్టకుండా సందు మూయాలంటే, నింపే సరుకు పలక కంటే మెత్తగా ఉండాలి. పాడైతే అది పాడవ్వాలి గాని పలక కాదు. గల్లాఫ్ పనితనమంతా ఈ ఒక్క సూత్రం మీదే నిలిచిందని నా వాదన.

పని తీరే ఇందుకు సాక్ష్యం. గల్ఫ్ పడవలో పలకలు ఒకదానిపై ఒకటి ఎక్కవు, అంచుకు అంచు ఆనుకుంటాయి. నూనెలో నానిన దూదిని పేని, మొండి ఉలితో సందులోకి దట్టిస్తారు. నీటిలో దిగాక కలప ఉబ్బి దూదిని తానే బిగిస్తుంది. ముత్యాల వేట సాగిన నాలుగు నెలలకూ ఆ పట్టు చాలేది. పడవ ఒడ్డెక్కి ఎండితే సందు మళ్ళీ విచ్చుకుంటుంది, అప్పుడు పాత దూది లాగి కొత్తది కొట్టవచ్చు. నీటి కిందుండే భాగానికి వేసే సున్నం, కొవ్వుల పూత కూడా గీకి మళ్ళీ వేసుకునేదే. నీటికి పైన మాత్రం చేపనూనె పట్టించేవారు. నూనె గీతను పూడ్చదు కనుక, బఘ్లా వంటి పెద్ద ఓడల వెనుకభాగంలోని చెక్కడానికి ముప్పు ఉండేది కాదు.

బండలా బిగుసుకునే లప్పం పెడితే ఏటేటా ఈ శ్రమ తప్పేది కదా అనవచ్చు. కానీ తడిసి ఉబ్బే కలపకు చోటివ్వని సరుకు సందులో ఉంటే, చితికేది పలక అంచే. బిగుతు కంటే మెత్తదనమే కాపాడుతుందన్న మాట పాతదే: కొబ్బరితాళ్ళతో కుట్టిన ఓడ రాళ్ళకు తగిలినా సాగి నిలుస్తుందనీ, ఇనుప మేకులది పగులుతుందనీ 14వ శతాబ్దంలో యాత్రికుడు ఇబ్న్ బతూతా రాశాడు. తరువాత మేకులే గెలిచాయి, నిజమే. కుట్టు పోయినా సందు పోలేదు, దూదీ పోలేదు.

1930లలో జపాను పెంపకపు ముత్యాలూ, ఆర్థికమాంద్యమూ గల్ఫ్ ముత్యాల వర్తకాన్ని కూల్చాయి. ఆపై చమురు వచ్చింది, సందులే లేని ఫైబర్‌గ్లాస్ పడవా వచ్చింది. ఇక ఈ సూత్రంతో పనేముంది? రెండు సగాలుగా అచ్చుపోసే ప్లాస్టిక్ నమూనా ఓడను చూడండి. ప్లాస్టిక్ ఉబ్బదు, అయినా అతుకు కనబడుతుంది. దాన్ని ప్లాస్టిక్ కంటే గట్టిపడే జిగురుతో నింపి రుద్దితే, గరుకుకాగితం ముందు తినేది పక్కనున్న పలకగీతలనూ మేకుతలలనూ. నీటితో కలిసే మెత్తని పుట్టీ పెట్టి, ఆరకముందే తడిగుడ్డతో తుడిస్తే అది సందులోనే ఉంటుంది, గీత గీతగానే మిగులుతుంది. ఏ పడవలోనైనా పోగొట్టుకోదగ్గది సందులో పెట్టిన సరుకే.