అడగకముందే అందిన చెయ్యి

ఇట్ల దగ్గరికి జరుగుండ్రి బిడ్డలారా, కుంపటి ఇప్పుడే మంచిగ రాజుకుంది. టీవీ పెడితే కొట్లాటలు, మోసాలే చూస్తున్నరు మీరు. మనుషుల మీద మీకు నమ్మకం పోతదేమో అని నాకు రంధి. అందుకే ఇయ్యాల మన రామకృష్ణాపూర్‌ల మనిషికి మనిషి ఎట్ల ఆసరైండో చెప్త, ఇనుండ్రి.

మన కాలనీలు పల్లెల లెక్క తాతల కాలం నుంచి ఉన్నయి కావు. బొగ్గు కోసం లేచినయి. 1871ల కింగ్ అనే దొర ఇల్లందు దిక్కు బొగ్గు జాడ కనుక్కున్నడు. 1889ల అక్కడ బొగ్గు తీసుడు షురువైంది. 1920ల ఆ బొగ్గు తీసే కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. బొగ్గు బాయిలు మెల్లమెల్లగ గోదారి దాటినయి, బెల్లంపల్లి, మందమర్రి, మన రామకృష్ణాపూర్ దాకా వచ్చినయి. బాయి తవ్వితే మనుషులు కావాలె గద. వానలు లేక ఎండిన కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల నుంచి సంచి సంకకు తగిలించుకొని జనం దిగిండ్రు. పక్కింటోళ్లది ఏ ఊరో తెల్వదు, ఏ కులమో తెల్వదు. జ్వరమొస్తే చూసే అన్నదమ్ముడు దగ్గర లేడు, కాన్పుకు తల్లి లేదు. ఉన్నది పక్కింటోళ్లే. ఇగ వాళ్లే అన్నదమ్ములైండ్రు, వాళ్లే తల్లులైండ్రు.

నేను కొత్తగ కాపురానికి వచ్చిన నాడు రవీంద్రఖని స్టేషన్ల దిగిన. మీ తాతకు డ్యూటీ పడ్డది, స్టేషన్‌కు రాలే. నెత్తి మీద ట్రంకు పెట్టె, చేతిల మూట, ఎటు పోవాల్నో తెల్వక నిలవడ్డ. షిఫ్టు దిగి ఇంటికి పోతున్న ఒకాయన ఆగిండు. ముఖమంత బొగ్గు మసే. "ఏ లైనుకు పోవాలె చెల్లే" అన్నడు. పెట్టె తన భుజానికెత్తుకొని, క్వార్టర్ దాకా తీసుకవచ్చి, గడప కాడ దించి పోయిండు. పేరు గూడ చెప్పలే. పొద్దంత బాయిల తట్ట మోసి అలిసిపోయిన మనిషి ఆయన. ఆ అలసటల మళ్ల నా పెట్టె మోసిండు.

తాళం తీసి చూస్తే పొయ్యి సల్లగున్నది. బొగ్గు పొయ్యి అంటుపెట్టుడు మీకు తెల్వదు. కట్టె పుల్లలు, చిత్తు కాయితాలు కావాలె, ఊది ఊది కండ్లు మండుతయి. పక్క క్వార్టర్ అక్క చూసింది. ఏం అడగలే. తన పొయ్యిల నుంచి నిప్పు కణికలు ఇనుప పార మీద తెచ్చి నా పొయ్యిల పోసింది, పైన నాలుగు బొగ్గు పెల్లలు పేర్చింది. ఆ ఎనుక గిన్నెల అన్నం, పప్పు, రెండు బిందెల నీళ్లు వచ్చినయి. ఆ లైన్ల కొత్త సంసారం ఎవలది దిగినా మొదటి నిప్పు పక్కింటి పొయ్యిల నుంచే వస్తుండె.

నల్లా కాడ గూడ గంతే. నీళ్లు వచ్చేది కొంచెం సేపే, బిందెల వరుస పొడుగుంటుండె. గని సంకల పసిపిల్ల ఉన్న తల్లి వస్తే ముందుకు జరిపి ఆమె బిందె పెట్టిచ్చేటోళ్లం. పగార్ వచ్చే ముంగట డబ్బాలు ఖాళీ అయితయి. సోలెడు బియ్యం, గిద్దెడు నూనె బదులు తెచ్చుకునేది. తెచ్చుకున్నప్పుడు సోల తలకొట్టి తెచ్చుకుంటే, ఇచ్చేటప్పుడు కుప్ప పోసి ఇచ్చేది. ఎవ్వరూ రాసుకోలే, ఎవ్వరూ ఎగ్గొట్టలే.

మీకు ఆశ్చర్యమనిపించే ముచ్చట ఇంకోటి చెప్త. బాయిల మూడు షిఫ్టులు. నైట్ షిఫ్ట్ చేసినోళ్లు పొద్దున వచ్చి పండుకుంటరు. నిద్ర సరిగ పట్టకపోతే రేపు బాయిల కండ్లు మూతలు పడ్తయి, కండ్లు మూతలు పడ్తే పాణం మీదికి వస్తది. అందుకే ఏ క్వార్టర్ల నైట్ షిఫ్ట్ మనిషి పండుకున్నడో లైనంతటికి ఎరుక. ఆ కిటికీ కాడ ఎవ్వరూ కారం దంచకపోయేది. పిల్లలను గోలీల ఆటకు అవతలి లైనుకు తోలేది. ముఖం తెల్వనోళ్ల నిద్రను గూడ కాపాడిన కాలనీ మనది.

బాయి లోపలి సంగతి మీ తాత చెప్తుండె. కొత్తగ పనిల చేరిన పిల్లగాడు దిగితే, పాత కార్మికుడు వానిని పక్కన పెట్టుకొని కప్పు తట్టి చూసుడు నేర్పేటోడు. కర్రతోటి పైన కొడ్తే గట్టి బండ ఖంగుమంటది, ఊడేటిది డొల్లగ పలుకుతది. ఆ డొల్ల చప్పుడు ఇనబడ్తే ఎనుకకు జరుగాలె. కప్పుకు ఊతమిచ్చిన టింబర్ కర్ర కిర్రుమంటే పార ఆడనే పడేసి బయటికి ఉరుకాలె. కొత్తోడు ఏ ఊరోడో ఆ ముసలాయనకు తెల్వదు, నేర్పినందుకు పైస ఎక్కువ రాదు. వాడు రాత్రికి పెండ్లాం పిల్లల దగ్గరికి పోవాలె, గంతే ఆయన కోరింది. ఈ కాలనీల ఎన్ని ఇండ్లల్ల దీపం ఎలిగిందో ఆ పాఠంతోటి!

ప్రమాదమైందన్న కబురు వస్తే ఆడోళ్లమంత బాయి గడ్డకు ఉరికేది. ఎవలి మనిషి లోపల ఉన్నడని అడుగుడు తర్వాత. ముందుగాల ఆ ఇంటి పిల్లలను ఎవరో ఒకరు సంకనెత్తుకొని అన్నం పెట్టేది. ఏరియా ఆస్పత్రిల రక్తం కావాలంటే షిఫ్టు దిగినోళ్లు తానం గూడ చెయ్యకుండ వరుస కట్టేది. రామగుండంల రెస్క్యూ స్టేషన్ ఉన్నది. ఆడి మనుషులు ఆక్సిజన్ సిలిండర్ ఈపుకు కట్టుకొని, అందరూ బయటికి వచ్చే చోటికే లోపలికి పోతరు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిల నీళ్లు దూకి 17 మంది పాణాలు పోయినయి. ఆ నాడు ఇటు మన కాలనీల గూడ పొయ్యిలు ఎలగలే. పోయినోళ్లల్ల మనకు చుట్టాలు లేకున్నా, సచ్చింది మన బాయి మనుషులు.

1981ల సమ్మె పడ్డది. ఒక్క రోజు పని బందు పెడితే ఎనిమిది రోజుల జీతం కోసుడు ఏందని కార్మికులు తిరగబడ్డరు. 56 రోజులు నడిచింది. రెండు నెలలు పగార్ లేకుంటే ఇల్లు ఎట్ల గడుస్తది చెప్పుండ్రి? కిరాణం సేట్లు ఖాతా ఆపలే. పల్లెల నుంచి మక్కలు, జొన్నలు మోసుకొచ్చిండ్రు చుట్టాలు. ఒకరింటికి మూట వస్తే నాలుగిండ్లకు పంచుకున్నం. ఆకలి అందరిదైంది కాబట్టే ఎవ్వరం ఆగం కాలే. 2011ల తెలంగాణ కోసం సకల జనుల సమ్మె అయినప్పుడు గూడ బాయిలు బందైనయి, అప్పుడు గూడ ఒకరినొకరం పట్టుకొనే నిలవడ్డం.

ఇప్పుడు కాలం మారింది. ఒకప్పుడు సింగరేణిల లక్షకు పైన మంది పని చేసిండ్రు, ఇప్పుడు అండ్ల సగం గూడ లేరు. బాయిలు తగ్గి, నేల పైనుంచి తవ్వే ఓపెన్ కాస్టులు వచ్చినయి, మనుషుల పని మిషన్లు చేస్తున్నయి. పిల్లలు హైదరాబాద్ పోయిండ్రు, చాన క్వార్టర్లకు తాళాలు పడ్డయి. బొగ్గు పొయ్యి పోయి గ్యాస్ వచ్చింది, ఇగ నిప్పు కోసం ఎవ్వరూ ఎవ్వరి తలుపు తట్టరు. మంచిదే, ఆ పొగల దగ్గి దగ్గి సచ్చినం మేము. గని నిప్పుతోపాటు రాకపోకలు గూడ పోవద్దు.

ఒక్క మాట మనసుల పెట్టుకోండ్రి. ఓపెన్ కాస్టుల మట్టి తీసే కాంట్రాక్టు పనికి బీహార్ నుంచి, జార్ఖండ్ నుంచి, ఒడిశా నుంచి పిల్లగాండ్లు వచ్చి మన నడుమ కిరాయికి ఉంటున్నరు. మన భాష రాదు వాళ్లకు. కొందరు వాళ్లను చూసి ముఖం తిప్పుకుంటున్నరు. అట్ల తిప్పుకోకుండ్రి బిడ్డా. సంచి సంకకు తగిలించుకొని తెల్వని ఊర్ల దిగుడు ఎట్లుంటదో మీ తాతకు తెల్సు, నాకు తెల్సు. ఆ నాడు మాకు పెట్టినోళ్లకు మేము తిరిగి పెట్టే వీలు లేకపాయె, చానమంది ఇప్పుడు లేరు. ఆ బాకీ వీళ్లకే తీర్చాలె. ఎండకాలం వాకిట్ల ఒక కుండ నీళ్లు పెట్టుండ్రి. ఏ ఆస్పత్రికి ఎట్ల పోవాల్నో ఎంబడి పోయి చూపుండ్రి. పండుగ నాడు ఒక గిన్నె పట్టుకపోయి ఇయ్యుండ్రి. వాళ్లు అడిగేదాక ఆగకుండ్రి.