మనస్తత్వశాస్త్రాన్ని ఇంటింటికీ చేర్చిన విదుషి

విశ్వవిద్యాలయాలలో పెంపొందిన శాస్త్రం సామాన్యుని ముంగిటికి చేరాలంటే దానికొక వాహకం కావాలి. అమెరికాలో మనస్తత్వశాస్త్రానికి అట్టి వాహకమైనది టెలివిజన్. ఆ బాటలో తొలినాళ్లలోనే నడిచిన విదుషి డాక్టర్ జాయిస్ బ్రదర్స్.

ఆమె 1927 అక్టోబరు 20న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో జన్మించారు. తల్లిదండ్రులిరువురూ న్యాయవాదులు. కార్నెల్‌లో పట్టభద్రురాలై, 1953లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. బిడ్డ పెంపకానికై అధ్యాపక వృత్తిని విడిచిపెట్టిన ఆమెకు, వైద్యశిక్షణలో ఉన్న భర్త మిల్టన్ తెచ్చే స్వల్పాదాయమే ఆధారమైంది.

ఆ ఇబ్బందిని గట్టెక్కే ఉద్దేశంతోనే ఆమె 'ది 64,000 డాలర్ క్వశ్చన్' అనే ప్రశ్నోత్తరాల పోటీలో ప్రవేశించారు. అందుకు ఎంచుకున్న అంశం బాక్సింగ్! స్త్రీకి, అందునా మనస్తత్వ శాస్త్రవేత్తకు, ఏమాత్రం పొసగదని లోకం భావించే విషయమది. ఆమె కొన్ని వారాలపాటు గ్రంథాలు తిరగవేసి, ఆ క్రీడాచరిత్రను కంఠస్థం గావించారు. 1955 డిసెంబరులో అత్యున్నత బహుమతిని గెలుచుకున్నారు.

కొంతకాలానికే ఇట్టి పోటీలలోని మోసం బయల్పడింది. 'ట్వంటీ వన్' విజేత చార్లెస్ వాన్ డోరెన్, తనకు సమాధానాలు ముందే అందాయని 1959 నవంబరులో అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం ఎదుట అంగీకరించారు. ఇట్టి మోసాన్ని నేరంగా పరిగణిస్తూ 1960లో చట్టసవరణ జరిగింది. ఎందరి కీర్తియో మాసిపోయిన ఆ తుపానులో బ్రదర్స్ మాత్రం నిష్కళంకగా నిలిచారు. ఆమెను ఓడింపదలచి నిర్వాహకులు బాక్సర్లను విడిచి రిఫరీలను గూర్చి అడిగినా, ఆమె తడబడలేదని తరువాత వెల్లడైంది.

1958లో ఎన్‌బీసీ సంస్థ న్యూయార్క్‌లో ఆమెకు ఒక మధ్యాహ్న కార్యక్రమాన్ని అప్పగించింది. దాంపత్యం, శిశుపోషణ మొదలుకొని, నలుగురిలో పలుకుటకు జంకే విషయాల వరకు ఆమె సులభశైలిలో వివరించారు. 'గుడ్ హౌస్‌కీపింగ్' పత్రికలో దశాబ్దాల తరబడి శీర్షిక నిర్వహించారు.

వ్యక్తిని ప్రత్యక్షంగా పరీక్షింపక సలహా చెప్పుట శాస్త్రసమ్మతమా అని సహవృత్తివారు కొందరు ఆక్షేపించారు. తాను చికిత్స చేయుట లేదనీ, పరిశోధనా ఫలితాలను ప్రజలకు తెలియజేస్తున్నాననీ ఆమె సమాధానం. ఆక్షేపణలో సత్యం లేకపోలేదు. అయితే వైద్యుని వద్దకు పోవుటకు సిగ్గుపడే గృహిణికి, తన వేదన తనొక్కదానిదే కాదని తెలియడం సామాన్యమైన ఊరట కాదు.

1989లో భర్త మరణించగా, ఇతరులకు ధైర్యం చెప్పిన ఆమెయే దుఃఖంలో మునిగిపోయారు. ఆ అనుభవాన్ని 1990లో 'విడోడ్' అనే గ్రంథంగా వెలువరించారు. 2013 మే 13న కన్నుమూశారు.

బహుమతి ఆమెకు ద్వారం తెరిచింది. ఆ పిమ్మట అర్ధశతాబ్దం నిలబెట్టినది ఆమె చదువు. తెరపై సలహాదారులు వెల్లివిరిసిన ఈనాడు, చెప్పేవారి విద్య ఎంత, పరిమితి ఎంత అని విచారించే అలవాటు మన విద్యార్థినీ విద్యార్థులకు అత్యావశ్యకం.