పాతబస్తీ గోడల సాక్ష్యం

పాతబస్తీ అనగానే చాలామందికి కర్ఫ్యూ గుర్తొస్తుంది. 1990 డిసెంబర్ అల్లర్ల మచ్చ ఆ పేరుకు ఇంకా అంటుకునే ఉంది. దానికి తోడు మేం ఔరంగజేబు వారసులమన్న నింద ఒకటి. దీనికి జవాబు కావాలంటే నయాపూల్ దాటి, మదీనా మీదుగా చార్మినార్ దాకా నడవాలి.

మదీనా చౌరస్తాకు దగ్గర్లోనే బాద్‌షాహీ ఆషుర్‌ఖానా ఉంది. 1591లో చార్మినార్ లేచిన కొద్ది ఏళ్లకే మహమ్మద్ కులీ కుతుబ్‌షా దీన్ని కట్టించాడు. కర్బలాలో అమరుడైన ఇమామ్ హుసేన్‌ను తలుచుకుని దుఃఖించే చోటు ఇది. గోడల నిండా నీలం, పసుపు, ఆకుపచ్చ పింగాణీ పలకలు. కింది భాగంలో కొంతమేర పలకలు లేవు, వాటిని పోలిన రంగుల చిత్రాలున్నాయి. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి ఇక్కడిదాకా వచ్చింది. ఆ గుర్తులే ఇవి.

మూసీ కంటే ముందే మరో వరద వచ్చింది. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. అక్కన్న మాదన్నలను కొలువులో పెట్టుకున్న తానీషా దౌలతాబాద్ కోటలో బందీగా చనిపోయాడు. ఈ ఆషుర్‌ఖానా మూలనపడింది. నిజాం అలీఖాన్ బాగుచేయించేదాకా దాని గతి అంతే. 1617లో కుతుబ్‌షాహీలు మొదలుపెట్టిన మక్కా మసీదును ఔరంగజేబే పూర్తిచేయించాడు, అదీ నిజమే. కానీ దండెత్తినవాడూ ముస్లిమే, దెబ్బతిన్నవాడూ ముస్లిమే అయినప్పుడు మమ్మల్ని దండెత్తినవాడి లెక్కలోనే ఎందుకు రాస్తారు?

మొహర్రంలో ఇక్కడ నిలిపే ఆలాములనే మన పల్లెల్లో పీర్లంటారు. పీరునెత్తుకునేవాళ్లలో, అలావా చుట్టూ ఆడేవాళ్లలో, మలీదా మొక్కు చెల్లించేవాళ్లలో మాతోపాటు ఎందరు హిందువులో పల్లెనడిగితే చెబుతుంది. కులీ కుతుబ్‌షా దక్కనీలో కవిత్వం రాశాడు. అతని తండ్రి ఇబ్రహీంను తెలుగు కవులు మల్కిభరాముడని తమ పేరు పెట్టి పిలుచుకున్నారు. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడే మాకు ఇందులో వింతేమీ లేదు.

అలాగని పాదుషాల వైభవమంతా మాదేనని చెప్పుకోం. చార్మినార్ పక్కన లాడ్‌బజార్ వెనక గల్లీల్లోకి వెళ్లి చూడండి. బొగ్గుల వేడికి లక్క మెత్తబరిచి, గాజులకు ఒక్కొక్క రాయి అద్దుతూ బతుకుతున్నవాళ్లు కనిపిస్తారు. 2024లో ఆ గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని చేసే చేతులకు ఇంకా రాలేదు. ఆషుర్‌ఖానాకు రాయి మోసినవాళ్ల పేర్లు కూడా ఏ తవారీఖులోనూ లేవు. మాలో ఎక్కువమందిమి వాళ్ల వారసులం.