హెబ్బాళ ప్రయోగశాలయు కోళ్ల శ్వాసవ్యాధుల పరీక్షయు

కోడికి ముక్కు కారి, మొగము వాచి, గురక పుట్టినప్పుడు పూర్వము రైతు దానిని ‘తెగులు’ అను ఒక్క మాటతో చెప్పుచుండెను. ఆ ఒక్క మాటలో అనేక వ్యాధులు కలవని నిరూపించినది ప్రయోగశాల.

బెంగళూరునందు ఈ చరిత్ర కోళ్లతో గాక పశువులతో ఆరంభమైనది. పశువుల ముసర వ్యాధికి సీరము తయారుచేయుటకై 1925లో మైసూరు సీరం సంస్థ స్థాపింపబడెను. కాలక్రమమున అదియే హెబ్బాళమునందలి పశు ఆరోగ్య, పశువైద్య జైవికోత్పత్తుల సంస్థగా పరిణమించినది. దక్షిణ రాష్ట్రముల వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలయు అచ్చటనే యున్నది. తెలుగునాడులును దాని పరిధిలోనివే. 1958లో హెబ్బాళముననే పశువైద్య కళాశాలయు వెలసినది.

కోళ్ల శ్వాసవ్యాధులలో కొక్కెర తెగులు వైరస్ వలన కలుగును. 1920 దశకాంతమున రాణీఖేత్‌లో గుర్తింపబడుటచే మన దేశమున దానికి ఆ ఊరి పేరే వచ్చినది. ముక్కు, మొగము వాచు కొరైజా మాత్రము బాక్టీరియా వలన కలుగునని 1930 దశకారంభమున డచ్చి శాస్త్రజ్ఞుడు ద బ్లీక్ కనుగొనెను. ఆ క్రిమికి 2005లో ఏవిబాక్టీరియం అను నూతన నామము కలిగెను. దీర్ఘకాలము గురకతో పీడించు మరియొక వ్యాధికి కారణము మైకోప్లాస్మా.

ఈ మూడింటిని కంటితో వేరుపరచుట దుష్కరము. కొరైజా క్రిమి తనకు కావలసిన ఒక పోషకమును తాను తయారుచేసికొనలేదు. కావున రక్తముతో కూడిన అగార్ పళ్లెముపై స్టెఫిలోకాకస్ క్రిమిని గీతగా పూసి పెంచెదరు. ఆ గీత పొంతనే కొరైజా క్రిములు మంచుబిందువులవలె మొలచును. మైకోప్లాస్మాకు రంగు వేసిన యాంటిజెన్ చుక్కను కోడి సీరముతో కలిపి చూచెదరు. రెండు నిమిషములలో గడ్డకట్టినచో మందకు ఆ వ్యాధి సోకినదని అనుమానించి, వేరొక పరీక్షతో ధ్రువపరచెదరు. 1990 దశకమునుండి పీసీఆర్ పద్ధతియు తోడైనది.

అయితే పరికరమెంత గొప్పదైనను నమూనా సరిగా లేనిచో ఫలము శూన్యము. కొరైజా క్రిమి కోడి దేహము వెలుపల త్వరగా నశించును. వ్యాధి సోకిన తొలిదినములలోనే, మందు వేయకముందే, నమూనా గ్రహించి మంచుగడ్డపై పంపవలెను. ముందుగా యాంటిబయాటిక్ త్రాగించినచో క్రిమి పెరుగక, వ్యాధి లేనట్లు ఫలితము రావచ్చును. వైరస్ వ్యాధికి ఆ మందు పనిచేయదు సరికదా, ఇతర క్రిములు దానికి లొంగకుండ మారును. ఈ ప్రమాదమును గుర్తించియే భారత ప్రభుత్వము 2019లో ఆహారార్థము పెంచు జంతువులకు, కోళ్లకు కొలిస్టిన్ వాడుటను నిషేధించెను.

ముసర వ్యాధిని దేశమునుండి తొలగించుటలో సీరమునకు, టీకాకు దక్కిన గౌరవము, కోళ్ల పరిశ్రమలో పరీక్షకు దక్కవలసియున్నది. మందుకంటె ముందు వ్యాధి పేరు తెలిసినచో రైతు ధనమును, ప్రజల ఆరోగ్యమును రెండును నిలుచును.