గద్దారీ కాదు, గఫ్లత్

2024 ఆగస్టు 1, గురువారం పొద్దున. బెజ్జంకిలో మా మామూ కిరాణా దుకాణం ముందు నిలబడి ఉన్నాను. ఒకామె నూనె ప్యాకెట్టు, కిలో చక్కెర తీసుకుని ఫోన్‌తో స్కాన్ చేసింది. పైసలు పోలేదు. మళ్లీ చేసింది. పోలేదు. "ఖాతాల పైసలున్నయి చాచా, నిన్ననే చూసిన" అంది, తనే ఏదో తప్పు చేసినట్టు. మామూ గల్లాపెట్టె కింది నుంచి పాత బహీ తీసి ఆమె పేరు రాసుకున్నాడు. "ఫికర్ చెయ్యకు బేటీ, రేపియ్యి."

ఆమె ఖాతా ఒక చిన్న బ్యాంకులో ఉంది. ఆ బ్యాంకు తాళం ఎవరూ పగలగొట్టలేదు. మరి పైసలెందుకు ఆగినయి? ఈ సవాల్ నన్ను చాలా దూరం తీసుకుపోయింది.

సంగతి ఇది. దేశంలోని చాలా గ్రామీణ బ్యాంకులకు, సహకార బ్యాంకులకు సొంత కంప్యూటర్ వ్యవస్థ నడుపుకునే తాకత్ లేదు. వాటి హిసాబ్ కితాబ్ నడిపే కంపెనీల్లో సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ ఒకటి. స్టేట్ బ్యాంకు, టాటా కన్సల్టెన్సీ కలిసి పెట్టిన సంస్థ. దాని మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. అంటే ఫైళ్లకు దొంగే తాళం వేసి, కుంజీ కావాలంటే పైసలడగడం. జహర్ మిగతా చోట్లకు పాకకుండా, జులై 31న నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ సీ-ఎడ్జ్‌ను తన నెట్‌వర్క్ నుంచి వేరు చేసింది. సుమారు 300 బ్యాంకుల చెల్లింపులు నిలిచిపోయినయి. మర్నాడు తిరిగి కలిపారు.

అసలు దర్వాజా ఇంకా వెనక ఉంది. క్లౌడ్‌సెక్ అనే భద్రతా సంస్థ పరిశీలించి చెప్పిన ప్రకారం దొంగలు మొదట దూరింది బ్యాంకులోకీ కాదు, సీ-ఎడ్జ్‌లోకీ కాదు. సీ-ఎడ్జ్‌తో కలిసి పనిచేసే బ్రోంటూ టెక్నాలజీ సొల్యూషన్స్ అనే మరో కంపెనీలోకి. అక్కడ జెన్కిన్స్ అనే సాఫ్ట్‌వేర్ నడిచే సర్వర్ ఒకటి సరిగా అమర్చకుండా ఉండింది. జెన్కిన్స్‌లోని ఆ లోపం 2024 జనవరిలోనే లోకానికి తెలుసు. దాన్ని పూడ్చే మరమ్మతు కూడా అప్పుడే వచ్చింది. ఆర్నెల్ల తర్వాత కూడా ఆ కిటికీ తెరిచే ఉంది. బెజ్జంకి ఆడమనిషికీ ఆ కిటికీకీ మధ్య మూడు సంస్థలు. ఆమెకు ఒక్కదాని పేరే తెలుసు.

దర్వాజా మాట వస్తే మన దక్కనీల మనసు గోల్కొండకే పోతుంది. 1687లో ఔరంగజేబు ఫౌజు ఎనిమిది నెలలు ముట్టడించింది. తోపులు పేల్చింది, సురంగాలు తవ్వింది. ఖిల్లా లొంగలేదు. చివరికి సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దార్ లోపలి నుంచి దర్వాజా తెరిచాడు. బాద్షా అబుల్ హసన్ తానాషా బందీ అయ్యాడు. అదే ఖిల్లాలో అబ్దుర్రజాక్ లారీ కూడా ఉన్నాడు. మొఘలులు ఆశపెడుతూ పంపిన ఫర్మానాను బురుజు మీద నిలబడి చించేసి, ఒళ్లంతా గాయాలయ్యేదాకా కొట్లాడాడు.

ఈ కిస్సా వింటూ పెరిగాం కాబట్టి మనం నేర్చుకున్న సబక్ ఒక్కటే: గద్దార్లను కనిపెట్టు, వఫాదార్లను పక్కన పెట్టుకో. వ్యాపారంలోనూ అదే చేస్తాం. "ఆ కంప్యూటర్ పిల్లగాడు మంచోడు, పదేండ్ల నుంచి తెలుసు" అంటాం. ఏతబార్ కుదిరిందంటే ఇంక సవాల్ ఉండదు.

కానీ 2024లో గద్దారీ ఎక్కడుంది? ఎవరూ లంచం తిని దర్వాజా తియ్యలేదు. జరిగింది గఫ్లత్, ఏమరుపాటు. లారీ అంత వఫాదారుడైనా సరే, రాత్రి గడియ వెయ్యడం మరిచిపోతే ఖిల్లా పోతుంది. వఫాదారీని చూసి ఏతబార్ పెట్టుకున్నాం, గడియను మాత్రం తనిఖీ చెయ్యలేదు.

ఇది మొదటిసారీ కాదు. మన కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్‌కు పోని ఊరు తక్కువ. అక్కడి రెండు బ్యాంకుల కథ వినండి. 2012 డిసెంబరులో రస్ అల్ ఖైమా బ్యాంకుకు 50 లక్షల డాలర్లు, 2013 ఫిబ్రవరిలో బ్యాంక్ మస్కట్‌కు సుమారు 4 కోట్ల డాలర్లు నుక్సాన్ అయ్యింది. దొంగలు దూరింది ఆ బ్యాంకుల్లోకి కాదు. వాటి ప్రీపెయిడ్ కార్డుల లెక్కలు చూసే, మన దేశంలోని కంపెనీల్లోకి. లోపలికి పోయి, కార్డుల మీద తీసుకోగల మొత్తానికి ఉన్న హద్దును చెరిపేశారు. రెండో దెబ్బలో 12 కార్డు నంబర్లతోనే 24 దేశాల ఏటీఎంల నుంచి దాదాపు 36,000 సార్లు పైసలు తీశారు. కొన్ని గంటల్లో అంతా అయిపోయింది. మస్కట్‌లో ఖజానా, హిందుస్తాన్‌లో కుంజీ.

ఆ తర్వాత కానూన్లు వచ్చినయి. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ హుకుం ఇచ్చింది: దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో ఖబర్ ఇవ్వాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. 2023 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు మరో ముఖ్యమైన మాట చెప్పింది: పని బయటివాళ్లకు ఇచ్చినా జిమ్మేదారీ బ్యాంకుదే, ఆ బయటివాళ్లు పెట్టుకున్న సబ్-కాంట్రాక్టర్ల మీద కూడా కన్నుండాలి. బాగుంది. కానీ ఆ నియమాలు వచ్చినప్పుడు ఎవరికి వర్తించాయో చూస్తే, ఆ జాబితాలో గ్రామీణ బ్యాంకులు లేవు, చిన్న అర్బన్ సహకార బ్యాంకులూ లేవు. పరాయి కంపెనీల మీద అందరికన్నా ఎక్కువ ఆధారపడేది వాళ్లే. ఆ 300 బ్యాంకుల వాటా దేశం మొత్తం చెల్లింపుల్లో అర శాతమేనని అప్పట్లో వార్తలొచ్చినయి, కంగారు పడొద్దన్నట్టు. ఆ అర శాతంలోనే ఉన్నది చక్కెర పొట్లం పట్టుకుని నిలబడ్డ ఆమె.

ఆ రాత్రి మామూను అడిగాను: "నీ దుకాణం కుంజీలు ఎవరెవరి దగ్గరున్నయి?" నవ్వి, జేబు తట్టాడు. మరి బిల్లింగ్ కంప్యూటర్‌కో? సాఫ్ట్‌వేర్ పెట్టిన పిల్లగాడు తన ఊళ్లో కూర్చునే మన కంప్యూటర్ తెరిచే ఏర్పాటు ఒకటి ఎప్పుడూ నడుస్తూనే ఉంది. దాని పాస్‌వర్డ్ దుకాణం పేరే. పెట్టినప్పటి నుంచి మార్చలేదు. ఆ పిల్లగాడు నిఖార్సైన మనిషి. అందులో నాకు శక్ లేదు. కానీ అతని ల్యాప్‌టాప్ పోతే? అతను ఇదే పాస్‌వర్డ్ ఇంకో పది దుకాణాలకు పెట్టి ఉంటే?

అప్పుడే కూర్చుని నాలుగు పనులు చేశాం. ఆ ఏర్పాటు ఆపేశాం. పనున్నప్పుడు మామూ తెరుస్తాడు, పని కాగానే మూస్తాడు. పాస్‌వర్డ్ మార్చాం. హిసాబ్ మొత్తం వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టాలనుకున్నాం. ఆ పిల్లగాడికి ఫోన్ చేసి ఒక్క ఇక్రార్ తీసుకున్నాం: నీ దగ్గర ఏం గడ్‌బడ్ జరిగినా దాచకుండా అదే రోజు మాకు చెప్పాలి.

"నా మీద శక్ చేస్తున్నవా మామూ?" అన్నాడతను, కాస్త నొచ్చుకుని.

మామూ జవాబు నాకింకా యాదుంది. "నీ మీద కాదు బేటా. రాత్రి నేను తాళం వేసినంక కూడా ఓసారి గుంజి చూస్త. నా చెయ్యి మీద నాకు శక్ ఉండా?"

మర్నాడు ఆమె వచ్చి పైసలిచ్చిపోయింది. మామూ బహీలో ఆమె పేరు కొట్టేశాడు కానీ, బహీని మాత్రం గల్లాపెట్టె కిందే ఉంచాడు.