నీటి కింద పుల్లారెడ్డిగూడెం

నాగార్జునకొండకు లాంచీలో వెళ్ళిరాని కుటుంబం మన పలనాట అరుదు. మ్యూజియం చూస్తాం, పిల్లలకు బుద్ధుని విగ్రహం చూపిస్తాం, చీకటి పడకముందే తిరిగి వస్తాం. మనం దాటివచ్చిన నీటి కింద ఒక ఊరుందని చెప్పేవారు మాత్రం తక్కువ. ఆ ఊరు పుల్లారెడ్డిగూడెం. ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగారు. కారెంపూడి యుద్ధం గురించి రాసేవారు చాలామంది ఉన్నారు గనుక నేను ఈ చిన్న ఊరిని ఎంచుకున్నాను.

అప్పటి గుంటూరు జిల్లా పలనాడు తాలూకాలో, మాచర్లకు పడమటగా ఉండేదీ గ్రామం. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ. మధ్యలో సుమారు 23 చదరపు కిలోమీటర్ల లోయ. శత్రువు రావడానికి దారి తక్కువ, నీటికి కొదవ లేదు. రాతియుగపు మనిషి కూడా ఇక్కడ కాపురమున్నాడంటే వింత లేదు. అతని పనిముట్లు ఆ నేలలోనే దొరికాయి.

క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఇదే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన సోదరి చాంతిసిరి మాత్రం బౌద్ధ మహాచైత్యానికి దానాలిచ్చింది. ఒకే ఇంట రెండు మతాలు, తగవు లేదు! బోధిసిరి అనే ఉపాసిక వేయించిన ప్రాకృత శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, సింహళం పేర్లు కనిపిస్తాయి. శిల్పాలకు వాడినది మన పలనాటి సున్నపురాయే.

రాజ్యం పోయింది, అడవి పెరిగింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు ఒక పాత స్తంభాన్ని గమనించి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. అక్కడినుంచి శాసన శాఖ వారు వచ్చారు. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. ఒక బడిపంతులు చూపు ఎంత పని చేసిందో మనలో ఉపాధ్యాయులుగా రిటైరైనవారు గర్వంగా చెప్పుకోవచ్చు.

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు సాగర్ డ్యాముకు శంకుస్థాపన చేశారు. లోయ మునగక తప్పదని తేలడంతో 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో తవ్వకాలు ముమ్మరంగా సాగాయి. ముఖ్యమైన కట్టడాలను కొండపైకి, అనుపుకు తరలించి తిరిగి నిలబెట్టారు. మెచ్చుకోవలసిన పని. రాళ్ళతోపాటు మనుషులూ కదిలారు. అయితే వారి ఇళ్ళు, రోళ్ళు, నాగళ్ళ సంగతి చెప్పే పలక ఒక్కటీ నాకు మ్యూజియంలో కనిపించలేదు. ఇక్ష్వాకుల వంశవృక్షం మనకు తెలుసు, 1950లలో ఆ ఊళ్ళో ఎవరెవరు ఉండేవారో తెలియదు.

ప్రాజెక్టును తప్పుపట్టే నోరు నాకు లేదు. 1967లో కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ రాకముందు జొన్న తప్ప ఎరగని మెట్టచేలు ఆ తరువాత వరి చూశాయి. మా కొద్దిపాటి పొలమూ ఆ కాలువ కిందిదే. నా పిల్లల చదువుల్లో ఆ నీటి వాటా ఉంది, ఆ నీటి అడుగున పుల్లారెడ్డిగూడెం ఉంది. అందుకే ఆ ఊరి సంగతి నాకు పరాయిదిగా తోచదు.

2022లో పలనాడు జిల్లా ఏర్పడింది గదా, జిల్లా చరిత్ర రాసేవారు రేపు రావచ్చు. మన సభ్యుల్లో ఆ లోయనుంచి వచ్చిన కుటుంబాలవారుంటే, గుడి ఎక్కడ, మంచినీళ్ళ బావి ఎక్కడ, ఎవరి చేను ఎటువైపు అన్న సంగతులు జ్ఞాపకమున్నంతవరకు కాగితంమీద పెట్టి సంఘ కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాను. రాయలేనివారు మనవలచేత రాయించినా సరే. ఊరు వదిలేనాటికి పదేళ్ళున్న పిల్లలు కూడా ఇప్పుడు డెబ్బై దాటారు.