పేరు రాయించని సంఘం

1863లో ఆర్కాటు మిషన్ తరఫున జేకబ్ చాంబర్లెన్ మదనపల్లె చేరాడు. 1915లో ఊరి బయట ఆరోగ్యవరం క్షయ శానిటోరియం వచ్చింది. ఈ పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ గుళ్లు నింపిన మాల మాదిగల పేర్లు వెతుక్కోవాలి.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దొరల సంఘం మనదైంది అనుకున్నాం. మూడేళ్లు తిరక్కుండానే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు: హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. మనకు మిగిలింది బీసీ-సీ, ఒక్క శాతం. (బాప్తిస్మంతో అంటు పోయిందని పల్లెలో ఎవరైనా ఒప్పుకుంటారా?)

ఇప్పుడు కుప్పం పిల్లలు తెల్లారే బెంగళూరు రైలెక్కుతున్నారు. పుంగనూరు వైపు కూడా బెంచీల మీద ముసలివాళ్లే. కానుకలు తగ్గాయి, పాస్టరు జీతం ఎట్లా, గుడి ఉంచాలా, పక్క సంఘంలో కలపాలా? కమిటీలు సభ్యత్వ పుస్తకం ముందేసుకుని లెక్కేస్తాయి. సర్టిఫికెట్ పోతుందన్న భయంతో పేరు రాయించని కుటుంబాలు వెనక బెంచీలోనే ఉంటాయి. కానుక వేస్తాయి, రసీదు వద్దంటాయి. వాళ్లకు ఓటు లేదు. ఓటు లేకపోయినా మాట వినొచ్చు కదా, గుడి మూస్తే ముందు నష్టపోయేది వాళ్లే.

విద్యార్థి మిత్రులారా, ఈ సెలవుల్లో మీ అవ్వల దగ్గర కూర్చుని ఆ కథలు రాసుకోండి. పేర్లు మాత్రం మార్చి రాయండి.